పెన్సిళ్ళు చెక్కే ఉద్యోగం

ఏడాదికోసారి మా ఆఫీసులో ఒక మెయిల్ వస్తుంది. "వచ్చే శుక్రవారం మనందరం ఒక ప్రభుత్వ పాఠశాలకి వెళ్తున్నాం, మీ టీషర్టు సైజు చెప్పండి" అని దాని సారాంశం. నేనూ రెండుసార్లు వెళ్ళాను. ఏసీ బస్సులో వెళ్ళి, ప్రహరీగోడకి రంగులేసి, పిల్లలకి జామెట్రీ బాక్సులు పంచి, వాళ్ళని వరసగా నిలబెట్టి ఫోటోలు దిగి, నాలుగింటికల్లా వెనక్కొచ్చేశాం. ఒకటో తరగతి పిల్లలకి జామెట్రీ బాక్సులెందుకో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాలేదు.

మొన్న ఆ మెయిల్ మళ్ళీ వచ్చింది. పక్క సీటు కుర్రాడు "మీరు వస్తున్నారా మేడం?" అనడిగాడు. రావట్లేదన్నాను. "అదేంటి మేడం, మీరు ప్రతీ శనివారం ఏదో బడికి వెళ్తారటగా, మీరే రానంటే ఎలా?" అన్నాడు. అందుకే రావట్లేదు అని చెప్పబోయి, మరీ గొప్పలు పోయినట్టుంటుందని ఊరుకున్నా. అతనికి చెప్పాల్సిన జవాబు కాస్త పెద్దది. తీరిగ్గా ఇక్కడ రాస్తున్నా.

కథ సికింద్రాబాదులోనే తేలుతుంది గానీ, మొదలు మాత్రం కాలిఫోర్నియాలో. 2008లో మావారి ప్రాజెక్టు పుణ్యమా అని ఫ్రీమాంట్ చేరాం. అప్పటికి నేను ఆరేళ్ళు జావాలో పని చేసి ఉన్నా. చేతిలో ఉన్న వీసా మాత్రం హెచ్-4. తెలియనివాళ్ళ కోసం: హెచ్-1బి మీద పనిచేసేవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా అది. దేశంలో ఉండొచ్చు, ఉద్యోగం మాత్రం చెయ్యకూడదు. హెచ్-4 వాళ్ళలో కొందరికైనా పని అనుమతి వచ్చింది 2015 మే నెలలో. అదీ గ్రీన్‌కార్డు దారిలో ఒక మెట్టు దాటినవాళ్ళ జీవిత భాగస్వాములకే. అప్పటికి మేం తిరిగొచ్చేసి మూడేళ్ళయింది.

మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో నాలాంటివాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు. ఎంసీఏలు, ఎంటెక్కులు, ఒక పళ్ళ డాక్టరు. పొద్దున్నే పిల్లల్ని బడి దగ్గర దింపి, గేటు పక్కన నిలబడి గంటసేపు కబుర్లాడి, ఇంటికొచ్చి సాయంత్రం మూడు ఎప్పుడవుతుందా అని గోడ గడియారం కేసి చూసేవాళ్ళం. బ్యాంకు ఫారంలో వృత్తి అన్న చోట ఏం రాయాలో తెలిసేది కాదు. 'డిపెండెంట్' అన్న మాటని అంత దగ్గరగా అంతకుముందెప్పుడూ చూడలేదు నేను.

అక్కడ ఇల్లు వెతకడం అంటే బడిని వెతకడమే. అప్పట్లో కాలిఫోర్నియాలో ప్రతి బడికీ ఏపీఐ అని ఒక స్కోరు ఇచ్చేవాళ్ళు (మన ఏపీఐ కాదండోయ్, అకడమిక్ పెర్ఫార్మెన్స్ ఇండెక్స్). 200 నుంచి 1000 దాకా ఉండేది. రాష్ట్రం పెట్టిన గురి 800. మనవాళ్ళకి 800 ఏం ఆనుతుంది? 900 దాటిన బడి పరిధిలో ఇల్లు దొరికితే అద్దె ఎంతైనా సరేననేవాళ్ళు. ఆ స్కోర్లివ్వడం 2013తో ఆపేశారు. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ బడి లోపల ఏం జరుగుతుందో తెలియకుండానే దాని నంబరు చూసి రెండేళ్ళ లీజు మీద సంతకం పెట్టేశాం.

బడి తెరిచాక తల్లిదండ్రుల్ని ఒక సాయంత్రం పిలిచారు. కిండర్‌గార్టెన్ క్లాసులో 20 మంది పిల్లలు, ఒక టీచరు. గోడకి ఒక చార్టు అంటించి ఉంది, సోమవారం నుంచి శుక్రవారం దాకా గళ్ళు గీసి. క్లాస్‌రూమ్ హెల్పర్‌గా ఎవరు ఎప్పుడు రాగలరో పేర్లు రాయమంది టీచరు. బుధవారం తొమ్మిది నుంచి పదకొండు అన్న గడిలో నా పేరు రాశాను. సేవాభావం అనుకునేరు, అదేం లేదు. వారంలో ఒక రోజు, ఒక టైముకి, నేను వస్తానని ఎదురుచూసేవాళ్ళు ఒకళ్ళుంటారు కదా అనిపించింది. అంతే.

పేరు రాసినంత తేలిగ్గా లోపలికి పోనివ్వరు. ముందు టీబీ పరీక్ష చేయించుకు రమ్మన్నారు. మోచేతి దగ్గర చిన్న సూది గుచ్చి రెండ్రోజుల తరవాత చూస్తారు. మనందరికీ చిన్నప్పుడు బీసీజీ టీకా వేసి ఉంటారు కదా, దానివల్ల ఆ చోట ఎర్రగా ఉబ్బే అవకాశముంది. నాకూ ఉబ్బింది. నర్సు కంగారు పడింది. భుజం మీద టీకా మచ్చ చూపించాను, లాభం లేదు. ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని, ఏమీ లేదని కాగితం తెచ్చాకే ఒప్పుకున్నారు. (ఇప్పుడు అక్కడ ముందు కొన్ని ప్రశ్నలడిగి, అనుమానముంటేనే పరీక్షకి పంపుతారు. 2015 నుంచి అలా మార్చారు.) ఆపైన లైంగిక నేరాల జాబితాలో నా పేరు లేదని చూసుకున్నారు. ఇంకా కొన్ని నియమాలు చెప్పారు. వచ్చినప్పుడూ వెళ్ళేటప్పుడూ ఆఫీసులో సంతకం పెట్టాలి. ఏ పిల్లతోనూ తలుపేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. పిల్లల బాత్రూముల్లోకి వెళ్ళకూడదు. ఫోటోలు తియ్యకూడదు. ఏ పిల్లాడు ఎలా చదువుతున్నాడో బయట ఎవరితోనూ అనకూడదు. ఈ చివరిది మనవాళ్ళకి ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు :)

మొదటి బుధవారం కాస్త ముస్తాబయ్యే వెళ్ళా. కూడికలు చెప్పమంటారేమో, ఏదైనా కథ చెప్పమంటారేమో అని రాత్రి నెమరేసుకున్నా కూడా. టీచరు నవ్వుతూ పలకరించి, నా చేతిలో ఒక కత్తెరా, ప్లాస్టిక్ పూత పూసిన యాపిల్ బొమ్మల కట్టా పెట్టింది. కత్తిరించమంది. అయ్యాక మూతల్లేని జిగురు గొట్టాలకి మూతలు వెతికి పెట్టమంది. ఆ తరవాత డబ్బాడు పెన్సిళ్ళు. రెండు గంటలు పెన్సిళ్ళు చెక్కి ఇంటికొచ్చా.

ఆ రాత్రి ఫోన్లో అమ్మకి చెప్తే, "ఎంసీఏ చదివించింది తెల్లోళ్ళ బళ్ళో పెన్సిళ్ళు చెక్కడానికటే? అదీ జీతం లేకుండానా!" అంది. నా మనసులోనూ ఆ ముక్కే ఉంది కాబట్టి గట్టిగా కోపమొచ్చింది.

కానీ రెండు మూడు వారాలు గడిచాక ఒక సంగతి గమనించాను. నేను పెన్సిళ్ళు చెక్కే రెండు గంటలూ ఆవిడ పెన్సిల్ కోసం లేవట్లేదు. చిన్న బల్ల చుట్టూ నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకుని, కదలకుండా, ఒక్కొక్కళ్ళనే చూస్తూ చెప్తోంది. నేను లేని రోజు ఆ పనులన్నీ ఆవిడే చేసుకోవాలి, ఆ నలుగురినీ వదిలేసి. అంటే నేను చెక్కేది పెన్సిళ్ళే అయినా, పిల్లలకి అందుతున్నది టీచరు సమయం.

నెల తరవాత నాకు ప్రమోషన్ వచ్చింది. వెనక మూల చిన్న కుర్చీలో కూర్చుని, ఒక్కొక్క పిల్లతో పదేసి నిమిషాలు చదివించడం. మొదటిరోజే తప్పు చేశా. పిల్ల ఒక మాట దగ్గర ఆగింది, నేను అందించేశా. ఇంకో మాట దగ్గర ఆగింది, అదీ అందించేశా. అయ్యాక టీచరు పక్కకి పిలిచి, "పిల్ల ఆగినప్పుడు మనసులో ఐదు లెక్కపెట్టు. అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం చూడమను. మాట మాత్రం నువ్వు ఇవ్వకు" అంది.

చెప్పినంత సులువు కాదది. ఒకటి, రెండు అనేసరికి నా నోరు తెరుచుకునేది. ప్రయత్నించి చూడండి, మీకే తెలుస్తుంది. తరవాతెప్పుడో చదివాను, మేరీ బడ్ రోవ్ అనే ఆవిడ 1970ల్లోనే తరగతి గదుల్లో ఇది కొలిచిందట. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతున్నారట. దాన్ని మూడు సెకన్లు చేస్తే చాలు, పిల్లల జవాబులు పెద్దవవుతున్నాయట, మాట్లాడని పిల్లలు మాట్లాడుతున్నారట. మూడంటే మూడు సెకన్లు!

ఇందులో మన వృత్తికి సంబంధించినదీ ఒకటుంది. కొత్తగా చేరిన కుర్రాడు బగ్ దగ్గర తడబడుతుంటే మనమేం చేస్తాం? "జరుగు, నేను చూస్తా" అని కీబోర్డు లాక్కుంటాం. బగ్ పోతుంది. ఆ కుర్రాడు మాత్రం అక్కడే ఉండిపోతాడు. తిరిగొచ్చి ఉద్యోగంలో చేరాక నా టీములో వాళ్ళ దగ్గర ఐదు లెక్కపెట్టడం నేను నేర్చుకున్నది ఐదేళ్ళ పిల్లల దగ్గరే.

2009లో ఇంకొకటి చూశాను. ఆర్థిక మాంద్యం దెబ్బకి కాలిఫోర్నియా ఖజానా ఖాళీ అయింది. వచ్చే ఏడు ఉద్యోగం ఉండకపోవచ్చని టీచర్లకి మార్చి 15లోపు నోటీసు ఇవ్వాలని అక్కడి చట్టం. ఆ మార్చిలో రాష్ట్రమంతటా వేలమందికి ఆ కాగితాలు అందాయి. 1996 నుంచీ చిన్న తరగతుల్లో 20 మందికి మించకుండా బడులకి డబ్బిచ్చి నడిపిస్తున్న పద్ధతినీ సడలించారు. మావాడు రెండో తరగతికి వచ్చేసరికి క్లాసు పాతిక దాటింది. హెల్పర్ల చార్టులో మాత్రం ఒక్క గడి కూడా ఖాళీ లేదు. అప్పుడు సంతోషపడ్డాను గానీ, తరవాత ఆలోచిస్తే అనిపించింది: మా చార్టు నిండింది కాబట్టి మాకు తెలియలేదు. రెండు ఉద్యోగాలు చేసుకునే తల్లిదండ్రులున్న పేటలో ఆ చార్టు ఎవరు నింపుతారు? ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇదంతా అమెరికా వాళ్ళ మంచితనం అని చెప్పడం నా ఉద్దేశం కాదు. వాళ్ళకి దీని వెనక చాలా ఏళ్ళ అలవాటు ఉంది. పీటీఏ అనే తల్లిదండ్రుల సంఘం 1897లో తల్లుల సంఘంగా మొదలైంది. నాన్నలు రావట్లేదని 1998లో ఆర్కాన్సాలోని స్ప్రింగ్‌డేల్ అనే ఊళ్ళో నాన్నల కోసం విడిగా ఒక కార్యక్రమం పెడితే, అది తరవాత ఎన్నో రాష్ట్రాలకి పాకింది. అక్కడా అడిగితేనే వచ్చారన్నమాట. (మావారు నాలుగేళ్ళలో రెండుసార్లు వచ్చారు. ఆయన చెక్కిన పెన్సిళ్ళ గురించి ఇప్పటికీ చెప్తుంటారు.)

2012లో సికింద్రాబాదు తిరిగొచ్చాం. వెస్ట్ మారేడ్‌పల్లిలో ఇల్లు, నాకు ఉద్యోగం, మావాడికి పేరున్న ఒక ప్రైవేటు బడి. మొదటి పేరెంట్స్ మీటింగులో నేను ఉత్సాహంగా ప్రిన్సిపాల్ గారి దగ్గరికెళ్ళి, వారానికి రెండు గంటలు చిన్న తరగతుల్లో సాయం చేస్తానన్నాను. ఆవిడ నన్ను కాసేపు చూసి, "మీ బాబు గురించి ఏమైనా కంప్లయింటా మేడం?" అన్నారు. కాదండీ, ఊరికే సాయం అన్నాను. "ఫీజు విషయమైతే అకౌంట్స్‌లో మాట్లాడండి" అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మన దగ్గర తల్లిదండ్రులు బడికి వెళ్ళేది రెండింటికే, కంప్లయింటు కోసం, ఫీజు కోసం. మూడోది ఉంటుందని ఆవిడకెలా తెలుస్తుంది?

కోపంగా ఇంటికొచ్చాను గానీ, ఆవిడ వైపు నుంచీ ఆలోచించాలి కదా. నన్ను రానిస్తే రేపు ఇంకో నలభైమంది వస్తారు. మా అబ్బాయికి ఎందుకు తక్కువ మార్కులేశారని క్లాసులోనే కూర్చుని లెక్కలు తీస్తారు. పక్కింటి పిల్ల నత్తినత్తిగా చదువుతోందని సాయంత్రం అపార్ట్‌మెంట్ లిఫ్టులో చెప్తారు. ఫ్రీమాంట్‌లో నన్ను విసిగించిన ఆ నియమాలే నన్ను లోపలికి రానిచ్చాయి. ఇక్కడ నియమాలు లేవు, అందుకని గేటుంది.

ఆ తరవాత పదేళ్ళు నేనేం చెయ్యలేదు. అమెరికాలో ఎంత బాగుండేదో అని అందరికీ చెప్పడం తప్ప. ఈ జబ్బు నా ఒక్కదానికే లేదని మీకూ తెలుసు.

2022లో మా వాచ్‌మన్ గారి అమ్మాయిని పక్క వీధి సర్కారు బడిలో చేర్పించడానికి తోడు వెళ్ళా. ఆ ఏడే తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు. పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. చదవడం, రాయడం, లెక్కలు గట్టిపడాలని ఆగస్టులో 'తొలిమెట్టు' కూడా మొదలైంది. రెండు తరగతులు ఒకే గదిలో. ఉన్న టీచరమ్మ ఒక వైపు పిల్లలకి చెప్తూ, ఇంకో వైపు రిజిస్టరు నింపుతూ, మధ్యలో ఫోన్లో ఏదో యాప్‌లో హాజరు ఎక్కిస్తూ ఉన్నారు. ఆవిడని చూస్తే నాకు పాత కత్తెరా యాపిల్ బొమ్మలూ గుర్తొచ్చాయి.

హెడ్మిస్ట్రెస్ గారిని అడిగాను. ఈసారి తెలివిగా అడిగాను. "పాఠం చెప్తాననట్లేదు మేడం. టీచర్ గారు ఏ పని చెప్తే అది చేస్తా" అన్నాను. ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. ఉత్తరం రాసిమ్మన్నారు, ఆధార్ కాపీ అడిగారు, పైఆఫీసులో ఒక మాట చెప్పి రెండు వారాల తరవాత ఫోన్ చేశారు. మంచి పద్ధతి. అంతమాత్రం అడగని బడికి నా పిల్లనైతే పంపను.

ఇక్కడ మన ఐటీవాళ్ళకి దేవుడిచ్చిన అవకాశం ఒకటుంది, ఎవరూ గమనించరు. మనకి శనివారం సెలవు. సర్కారు బడులకి రెండో శనివారం తప్ప మిగతావి పనిదినాలే. అంటే లీవు పెట్టకుండా నెలకి మూడు పొద్దుటిపూటలు. పొద్దున్న రెండు గంటలు వెళ్ళొచ్చినా మధ్యాహ్నం సినిమాకి టైముంటుంది.

నా దగ్గర కూర్చోబెట్టిన వాళ్ళలో మూడో తరగతి పిల్లాడొకడు. వాళ్ళ నాన్న మోండా మార్కెట్లో హమాలీ. చురుకైనవాడు, నోటిలెక్కలు నాకంటే వేగంగా చేసేవాడు. చదవమంటే మాత్రం అక్షరాలు విడివిడిగా వచ్చేవి, ఒత్తు కనబడితే దాటేసేవాడు. 'అమ్మమ్మ' వాడి నోట్లో 'అమమ' అయ్యేది. బుధవారం పాఠమే మళ్ళీ పనికొచ్చింది. ఐదు లెక్కపెట్టడం.

ఒక శనివారం పాఠంలో 'సికింద్రాబాదు' అన్న మాట వచ్చింది. చూడండి ఆ మాట ఎంత గడ్డు మాటో. గుడులు, సున్నా, ద కింద ర. రోజూ వందసార్లు అనే మాటే, కాగితం మీద ఎప్పుడూ కలుసుకోలేదు వాడు. 'సి' అన్నాడు, 'కిం' అన్నాడు, ఆగాడు. నేను ఐదు లెక్కపెట్టా. పది లెక్కపెట్టా. నోరు బిగపట్టుకుని కూర్చున్నా. ఇరవై దాకా వెళ్ళానేమో, వాడు 'ద్రా' అని, తలెత్తి, "మనూరే మేడం!" అన్నాడు. ఆ తరవాతి వాక్యం కోసం నేను వేలు పెట్టి చూపించక్కర్లేకపోయింది.

ఇక్కడితో ఆపేస్తే అందమైన కథ అయ్యేది. కానీ ఆ డిసెంబర్లో మా ప్రాజెక్టు గో-లైవ్ వచ్చింది. వరసగా మూడు శనివారాలు ఆఫీసులోనే. బడికి ఫోన్ చేసి చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. జీతం లేని పని కదా, చెప్పకుండా మానేసినా ఫర్వాలేదనుకున్నానేమో. నాలుగో శనివారం వెళ్తే టీచర్ గారు చాలా మర్యాదగా అన్నారు: "రాని వారం ముందు చెప్పండి మేడం. 'మేడం వస్తారు, పుస్తకాలు తీసి పెట్టుకోండి' అని నేను పిల్లలకి చెప్పేస్తాను. మీరు రాకపోతే పోయేది నా మాట."

ఆఫీసులో ఎన్నో ఎస్కలేషన్లు చూశాను గానీ, అంత సూటిగా తగిలింది ఇంకోటి లేదు. మన సాయం టీచరు పరువు మీద నిలబడి ఉంటుందని నాకు తట్టనే లేదు. ఆ పిల్లాడు మామూలుగానే వచ్చి కూర్చున్నాడు, ఏమీ అడగలేదు. చదివేటప్పుడు మాత్రం మళ్ళీ అక్షరాలు విడివిడిగా వచ్చాయి. తిరిగి దారిలో పడటానికి ఫిబ్రవరి దాకా పట్టింది. వేసవి సెలవుల తరవాత జూన్లో బడి తెరిచేసరికి వాడు లేడు. ఇల్లు మారిపోయారన్నారు. ఎక్కడ చేరాడో, ఎంతవరకు చదవగలుగుతున్నాడో నాకు తెలియదు. ఆ మూడు శనివారాలూ ఇంకా నా లెక్కలోనే ఉన్నాయి.

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న ముక్క దగ్గరికొద్దాం. ఇదంతా విని మా అన్నయ్య ఒక మాటన్నాడు. "టీచర్లని వెయ్యాల్సింది ప్రభుత్వం. నువ్వెళ్ళి కంత పూడిస్తే వాళ్ళు హాయిగా నిద్రపోతారు" అని. కొట్టిపారెయ్యలేం. 'వాలంటీర్' అన్న మాటకి మన రాష్ట్రాల్లో ఉన్న చరిత్రే అది. విద్యా వాలంటీర్ అంటే మనకి స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళు కాదు, టీచరు పోస్టు నింపకుండా తక్కువ డబ్బుకి ఏడాదికోసారి పెట్టుకునేవాళ్ళు. తెలంగాణలో 2020లో కరోనాకి బడులు మూసినప్పుడు ఇంటికి పంపేస్తే, వాళ్ళ బతుకులు రోడ్డున పడ్డాయి. బీఈడీ చేసినవాళ్ళు కూరగాయలమ్మడం మనం పేపర్లలో చూశాం.

అందుకే నేను గీత ఇక్కడ గీస్తాను. టీచరున్న గదిలోకి సాయానికి వెళ్ళాలి, టీచరు లేని గదిలోకి బదులుగా వెళ్ళకూడదు. నాకు పాఠం చెప్పమని గది అప్పగించిన రోజున ఆ బడికి కావాల్సింది నేను కాదు, ఒక పోస్టు. ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒక టీచరుండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్తోంది. అడగాల్సింది అది. అడగడానికి దారీ అందులోనే ఉంది. సర్కారు, ఎయిడెడ్ బడులకి యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం ఆడవాళ్ళు. ఎయిడ్ తీసుకోని ప్రైవేటు బడులకి ఆ నిబంధన లేదు. అంటే మన వాచ్‌మన్ గారికి వాళ్ళమ్మాయి బడిలో చట్టం ఇచ్చిన చోటు, లక్షలు ఫీజు కట్టే మనకి మన పిల్లల బడిలో లేదు!

ఇదేదో పరాయి దేశపు వింత అనుకోకండి. మా మారేడ్‌పల్లిలోనే ఎం.వి. ఫౌండేషన్ ఉంది. శాంతా సిన్హా గారు 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పనిలో మగ్గుతున్న పిల్లల్ని బడికి చేర్చే ఉద్యమం నడిపింది అక్కడినుంచే. ఆవిడకి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆ పని చేసిన వాలంటీర్లలో ఎక్కువమంది ఆయా ఊళ్ళ కుర్రాళ్ళే, చాలామంది ఇంట్లో మొదటిసారి చదువుకున్నవాళ్ళు. పిల్లాడు వరసగా రెండ్రోజులు రాకపోతే వెళ్ళి తలుపు తట్టగలిగేది పక్క వీధిలో ఉన్నవాళ్ళే కదా. దేశమంతా తిరిగి పల్లెటూరి ఐదో తరగతి పిల్లల్లో సుమారు సగంమంది రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారని 2005 నుంచీ మనకి చెప్తున్న 'అసర్' సర్వే కూడా నడిచేది వాలంటీర్ల కాళ్ళ మీదే.

ఆసక్తి ఉన్నవాళ్ళకి దారులున్నాయి. కేంద్రం 2016లో మొదలుపెట్టి 2021లో కొత్తగా తెచ్చిన 'విద్యాంజలి' పోర్టల్‌లో సర్కారు, ఎయిడెడ్ బడులకి సాయం చెయ్యడానికి పేరు నమోదు చేసుకోవచ్చు. నా సలహా మాత్రం మీ ఇంటికి నడిచి వెళ్ళగలిగే బడికి వెళ్ళండి. దూరమైతే మానేస్తారు, అనుభవంతో చెప్తున్నా. హెడ్మాస్టరు గారికి ఉత్తరం ఇవ్వండి. తలుపు తీసి ఉన్న గదిలోనే కూర్చోండి. ఫోన్ బ్యాగులో పెట్టండి, ఫోటోలొద్దు. పిల్లల గురించి బయట మాట్లాడకండి. రాని వారం ముందే చెప్పండి. కనీసం ఒక విద్యా సంవత్సరం వెళ్ళలేననిపిస్తే మొదలుపెట్టకండి, గోడకి రంగులే వెయ్యండి, తప్పేం లేదు. గోడ మన కోసం ఎదురుచూడదు.

పక్క సీటు కుర్రాడికి నా జవాబు ఇదీ. నిన్న ఇదంతా టూకీగా చెప్తే "అయితే నన్నూ తీసుకెళ్ళండి మేడం, పైథాన్ నేర్పిద్దాం పిల్లలకి" అన్నాడు. నేను మనసులో ఐదు లెక్కపెట్టి, "వచ్చే శనివారం తొమ్మిదింటికి రా. వచ్చేటప్పుడు ఒక మంచి చెక్కుడుమర తీసుకురా, అక్కడున్నది విరిగిపోయింది" అన్నాను.